తెరచాప స్తంభం పోయాక: ఓడ డెక్కు మీద క్రేన్ చరిత్ర

తెరచాప స్తంభాన్ని గాలి శక్తికి సంబంధించిన సాధనంగా చూడడం నౌకాయాన చరిత్రలో పరిపాటి. అయితే అదే స్తంభం శతాబ్దాల తరబడి ఓడకు బరువులెత్తే యంత్రంగా కూడా పనిచేసిందనీ, ఆవిరి యంత్రం వచ్చి తెరచాపలను దించివేసినప్పుడు ఓడలు తమ క్రేన్‌ను కూడా కోల్పోయాయనీ చరిత్రకారులు గుర్తించింది తక్కువ. మోటారు యాట్ అంటే ఇంజను బలంతో నడిచే, సొంత విహారానికి కట్టుకున్న ఓడ. డెక్కు అంటే ఓడ పొట్టును పైనుంచి కప్పే అంతస్తు. చుక్కాని గదికి ముందు, ఓడ ముక్కు వరకు సాగే భాగాన్ని ముందు డెక్కు అంటారు. అక్కడ కట్టి ఉంచిన చిన్న పడవను నీటిలోకి దించడానికీ తిరిగి పైకి తీసుకోవడానికీ నేటి యాట్ యజమానులు ఒక చిన్న క్రేన్‌ను కొత్తగా బిగించుకుంటూ ఉంటారు. చూడడానికి ఇది ఒక సౌకర్యం కోసం చేసిన అదనపు ఏర్పాటుగానే కనిపిస్తుంది. ఓడ బరువులెత్తే తీరును మొదటినుంచీ గమనిస్తూ వస్తే మాత్రం, ఆ క్రేన్ పాత స్తంభం వదిలి వెళ్లిన పనిని అదే చోట, దాదాపు అవే సూత్రాల మీద తిరిగి చేపట్టిందని స్పష్టమవుతుంది.

క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విత్రూవియస్ తన గ్రంథం పదో భాగంలో కప్పీలతో, మోకులతో బరువులెత్తే యంత్రాలను వర్ణిస్తూ, ఆలయాల రాళ్లను ఎత్తే ఆ యంత్రాలే ఓడల్లో సరుకు ఎక్కించడానికీ దించడానికీ ఉపయోగపడతాయనీ, వాటిలో కొన్నింటిని నిటారుగానూ మరికొన్నింటిని తిరిగే పీఠం మీద అడ్డంగానూ నిలుపుతారనీ రాశాడు. నేలమీది క్రేన్, నీటిమీది క్రేన్ ఒకే వంశానికి చెందినవన్న మాటకు ఇంతకంటే పాత సాక్ష్యం వెతకనక్కరలేదు. మధ్యయుగంలో యూరపు రేవులు మనుషులు లోపల నడుస్తూ తిప్పే పెద్ద చక్రాలతో క్రేన్లు కట్టుకున్నాయి. పోలండ్‌లోని గ్దాన్స్క్ నగరంలో 1442-44 మధ్య నది ఒడ్డున కట్టిన క్రేన్ వాటిలో పేరెన్నికగన్నది. 1945 యుద్ధంలో దాని కట్టె భాగమంతా కాలిపోగా తరువాత పునరుద్ధరించారు. ఆ క్రేన్ సరుకుల మూటలను ఎత్తడంతో పాటు కొత్త ఓడల్లో తెరచాప స్తంభాలను నిలబెట్టే పని కూడా చేసేది. రేవు విడిచాక ఓడ బరువులన్నిటినీ ఎత్తవలసిన స్తంభాన్ని ఓడలోకి ఎత్తి నిలిపింది రేవు క్రేనే కాబట్టి, స్తంభానికీ క్రేన్‌కూ ఉన్న బంధుత్వం గ్దాన్స్క్ రేవులో కంటికి కనిపించేది.

నడిసముద్రంలో ఎత్తే పని ఎలా జరిగేదో కొంత వివరంగా చూడాలి, ఎందుకంటే తరువాత వచ్చిన యంత్రాలన్నీ ఆ పద్ధతికి రూపాంతరాలే. 18వ శతాబ్దపు పెద్ద ఓడ తన పడవలను నడుమ డెక్కు మీద, విడి దూలాల పైన పేర్చి మోసుకుపోయేది. వాటిలో పెద్దదాన్ని దించడానికి నావికులు నాలుగు కప్పీల జతలను వాడేవారు. రెండు జతలు స్తంభాలను ముందుకు పట్టి ఉంచే లావుపాటి మోకుల నుంచి, అంటే ఓడ మధ్యరేఖకు నేరుగా పైనుంచి వేలాడేవి. మిగిలిన రెండూ తెరచాపను మోసే అడ్డదూలాల కొసల నుంచి, అంటే ఓడ అంచు దాటి నీటి పైన వేలాడేవి. ముందు లోపలి జతలను లాగి పడవను డెక్కు నుంచి నిలువుగా లేపేవారు. తరువాత బయటి జతలను బిగిస్తూ లోపలి వాటిని క్రమంగా వదులు చేసేవారు. అప్పుడు పడవ గాలిలోనే ఓడ నడిమినుంచి అంచు వైపు జరిగి, అంచు దాటాక బయటి జతల మీద పూర్తిగా వేలాడి, నీటిలోకి దిగేది. ఇందులో స్తంభం గానీ దూలం గానీ కదలదు. రెండు స్థిరమైన బిందువుల మధ్య బరువును ఒక మోకు నుంచి మరొక మోకుకు అప్పగించడమే ఇందులోని కీలకం. దీనికి పదుల సంఖ్యలో మనుషులు ఒకే ఆజ్ఞకు లాగాలి, ఒకే ఆజ్ఞకు వదలాలి.

1789 ఏప్రిల్ 28న బౌంటీ అనే బ్రిటిష్ ఓడ మీద తిరుగుబాటు జరిగినప్పుడు ఈ పద్ధతి ఒక కెప్టెన్ ప్రాణాలను నిర్ణయించింది. తిరుగుబాటుదారులు మొదట ఇవ్వజూపిన చిన్న పడవను పురుగు తొలిచివేయడంతో అది పనికిరాలేదు. దాంతో సుమారు 7 మీటర్ల పొడవున్న పెద్ద పడవను దించమని బోసన్‌ను బెదిరించారు. బోసన్ అంటే ఓడలో మోకులు, స్తంభాలు, లంగర్ల బాధ్యత చూసే అధికారి. ఆ పడవను ఎత్తి నీటిలో దింపిన బోసన్ విలియం కోల్ తానూ అందులోనే కెప్టెన్ బ్లై వెంట వెళ్లాడు. 19 మందితో కదిలిన ఆ పడవ సుమారు 3,600 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 6,700 కిలోమీటర్లు ప్రయాణించి జూన్ 14న తిమోర్ దీవిలోని కూపాంగ్‌కు చేరింది. బ్లై నౌకాయాన నైపుణ్యాన్ని చరిత్ర ఎంతో కొనియాడింది, అందుకు అతడు అర్హుడే. అయితే అంత బరువైన పడవను ఆ గందరగోళంలో, ఆయుధాల మధ్య, క్షేమంగా నీటిలో దింపిన కప్పీల పనితనాన్ని కూడా ఆ కథలో భాగంగా చెప్పుకోవడం న్యాయం.

కోరమండల్ తీరానికి వచ్చిన విదేశీ ఓడలకు ఈ నైపుణ్యం రోజువారీ అవసరం. ఇంగ్లీషువారు 1611లో స్థావరం ఏర్పరచుకున్న మచిలీపట్నం దగ్గర సముద్రం లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేయవలసి వచ్చేది. మద్రాసులో 19వ శతాబ్దం చివరిలో కృత్రిమ రేవు కట్టేవరకు ఒడ్డున విరిగే అలలే అడ్డంకి. ఆ అలలను దాటి సరుకునూ మనుషులనూ చేరవేసింది మసూలా పడవలు. పలకలను ఇనుప మేకులతో కాక కొబ్బరి తాడుతో కుట్టి కట్టడంతో, అల దెబ్బకు అవి పగిలిపోకుండా కాస్త వంగి సర్దుకునేవి. ఒడ్డు నుంచి ఓడ దాకా బరువు మోసే బాధ్యత ఈ తీరపు పడవవారిది. పడవ ఓడ పక్కకు చేరాక బట్టల మూటలను డెక్కు మీదికి లేపే బాధ్యత ఓడ అడ్డదూలాలది, వాటికి వేలాడే కప్పీలది. రేవులో క్రేన్ లేకున్నా ఈ తీరం నుంచి ప్రపంచానికి బట్టలు ఎగుమతి అయ్యాయంటే, ప్రతి ఓడా తన క్రేన్‌ను తన నెత్తిన మోసుకొచ్చుకోవడమే అందుకు ఒక ముఖ్య కారణం.

19వ శతాబ్దం నడుమ ఈ ఏర్పాటు రెండు వైపులనుంచి కదిలిపోయింది. ఒడ్డు మీద విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ అనే న్యాయవాది, నగర మంచినీటి గొట్టాల్లోని ఒత్తిడితో పనిచేసే క్రేన్‌ను 1846లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ రేవులో నిలబెట్టి, మరుసటి ఏడే సొంత కర్మాగారం మొదలుపెట్టాడు. ద్రవం మీద ఒకచోట కలిగించిన ఒత్తిడిని గొట్టం ద్వారా మరొకచోటికి పంపి అక్కడ ముషలకాన్ని కదిలించే ఈ సూత్రాన్నే హైడ్రాలిక్ పద్ధతి అంటారు. నేటి యాట్ క్రేన్ నడిచేది కూడా చాలావరకు దీనితోనే, కాకపోతే నీటి బదులు నూనెతో. నీటి మీద ఆవిరి యంత్రం మొదట తెరచాపకు తోడుగా వచ్చి, క్రమంగా దాన్ని తొలగించింది. 1871లో జలప్రవేశం చేసిన హెచ్.ఎం.ఎస్. డివాస్టేషన్ అనే బ్రిటిష్ యుద్ధనౌక తెరచాపలు అసలే లేకుండా మహాసముద్ర ప్రయాణానికి కట్టిన తొలి పెద్ద యుద్ధనౌకల్లో ఒకటి. ఎత్తైన స్తంభాలు, అడ్డదూలాలు పోవడంతో ఫిరంగులకు దృష్టి మార్గం తెరుచుకుంది, ఓడ పైబరువు తగ్గింది. పడవలను ఎత్తే కొసలు మాత్రం కరువయ్యాయి.

వర్తక ఓడలు ఈ లోటును తొందరగానే పూడ్చుకున్నాయి. స్తంభాన్ని తీసివేయకుండా పొట్టిగా చేసి, దాని అడుగున కీలుతో ఒక వాలు దూలాన్ని అమర్చి, దూలం కొసను పైనుంచి మోకుతో పట్టి ఉంచి, ఆవిరితో తిరిగే వించితో, అంటే తాడును చుట్టే డోలు యంత్రంతో, బరువును లేపారు. ఈ ఏర్పాటుకే డెరిక్ అని పేరు. ఒక డెరిక్ కొసను ఓడ గర్భంలోకి తెరుచుకునే ద్వారం మీద, మరొకదాని కొసను ఓడ అంచుకు వెలుపల స్థిరంగా నిలిపి, రెండింటి తాళ్లనూ ఒకే కొక్కేనికి కట్టి నడిపే పద్ధతిని యూనియన్ పర్చేజ్ అంటారు. తెరచాప కాలపు నావికుడు దీన్ని చూసి ఉంటే కొత్తగా అనుకునేవాడు కాదు. లోపలి కప్పీ, బయటి కప్పీ అన్న పాత పద్ధతే ఉక్కు రూపం దాల్చింది. ప్రమాదమూ పాతదే. రెండు తాళ్ల మధ్య కోణం 120 డిగ్రీలకు చేరితే ఒక్కొక్క తాడు మీద మొత్తం బరువుకు సమానమైన లాగుడు పడుతుంది, ఆ కోణం దాటితే అది అంతకంటే పెరుగుతుంది. బరువును అవసరానికి మించి పైకి లేపే కొద్దీ ఈ కోణం విచ్చుకుంటుంది కాబట్టి, మూటను వీలైనంత కిందుగానే అంచు దాటించడం వించి మీద కూర్చున్న మనిషి నేర్పుగా లెక్కకొచ్చేది.

యుద్ధనౌకల కథ ఇంత సాఫీగా సాగలేదు. 1889లో జలప్రవేశం చేసిన హెచ్.ఎం.ఎస్. వల్కన్ చిన్న టార్పెడో పడవలను మోసుకుపోయి యుద్ధస్థలంలో దించడానికి కట్టిన ఓడ. ఆ పడవలను ఎత్తడానికి దాని డెక్కు మీద కొంగమెడలా వంగిన భారీ హైడ్రాలిక్ క్రేన్లను ప్రత్యేకంగా నిలిపారు. అక్కడ క్రేన్ ఓడ ముఖ్య ప్రయోజనంలో భాగం కనుక దానికి తగిన చోటు దొరికింది. మామూలు యుద్ధనౌకలో ఫిరంగులు, పొగగొట్టాలు, పరిశీలన స్తంభం, పడవలు ఒకే నడుమ స్థలం కోసం పోటీ పడ్డాయి. 1906 ఫిబ్రవరిలో జలప్రవేశం చేసి ప్రపంచ నౌకాదళాల లెక్కలనే తారుమారు చేసిన హెచ్.ఎం.ఎస్. డ్రెడ్‌నాట్‌లో ఈ పోటీ వింత ఫలితానికి దారి తీసింది. దూరపు లక్ష్యాల మీద గుళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసి చెప్పే పరిశీలకులు కూర్చునే గూడు ముక్కాలి స్తంభం పైన ఉండేది. ఆ స్తంభాన్ని ముందున్న పొగగొట్టానికి వెనుకగా నిలిపారు, ఎందుకంటే పడవలనెత్తే డెరిక్ దూలానికి ఆధారంగా అదే స్తంభం కాలు ఉపయోగపడాలి. ఓడ ముందుకు పోతున్నప్పుడు పొగగొట్టం నుంచి వచ్చే వేడి వాయువులు నేరుగా పరిశీలకుల గూటిని కమ్మేవి. ఆనాటి అత్యంత శక్తిమంతమైన ఫిరంగులకు కళ్లుగా పనిచేయవలసిన చోటు, పడవలను దించుకునే సౌలభ్యం కోసం పొగలో పడిపోయింది. ఇదే అమరికతో కట్టిన హెచ్.ఎం.ఎస్. లయన్ యుద్ధనౌకలో 1912 పరీక్షల తరువాత స్తంభాన్ని పొగగొట్టానికి ముందుకు మార్చవలసి వచ్చింది. ఓడ మీద ఎత్తే యంత్రానికి చోటు వెతకడం రూపకర్తలు చివరికి ఆలోచించవలసిన చిన్న విషయమన్న అభిప్రాయానికి డ్రెడ్‌నాట్ బలమైన ఖండన.

ప్రయాణికుల ఓడలు మరో దారి పట్టాయి. ఓడ అంచున జంటగా నిలబెట్టి, పడవను రెండు కొసల నుంచీ వేలాడదీసే వంపు కడ్డీలను డేవిట్లు అంటారు. పాతరకం డేవిట్ తన కాలి మీద తాను గుండ్రంగా తిరుగుతుంది. జంట కడ్డీల మధ్య దూరం పడవ పొడవు కంటే తక్కువ కాబట్టి, పడవ ఒక కొసను ముందు బయటికి తోసి తరువాత రెండో కొసను తిప్పుకోవలసి వచ్చేది. స్వీడన్‌కు చెందిన ఇంజనీరు ఆక్సెల్ వెలిన్ రూపొందించిన డేవిట్ పళ్ల చక్రపు పాదం మీద దొర్లుతూ బయటికి వాలేది, దాంతో ఒకే జత ఒకదాని తరువాత ఒకటిగా ఎక్కువ పడవలను దించగలిగేది. 1912 ఏప్రిల్‌లో మునిగిన టైటానిక్‌లో వెలిన్ డేవిట్లు 16 జతలు ఉన్నాయి. పడవలు 20 మాత్రమే, వాటిలో పట్టేది 1,178 మంది. దించే యంత్రానికి ఉన్న సామర్థ్యం అక్కడ వాడుకలోకే రాలేదు. ఆ ప్రమాదం వల్ల 1914 జనవరిలో లండన్‌లో సముద్రంపై ప్రాణరక్షణకు సంబంధించిన తొలి అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. టైటానిక్ సోదర నౌక బ్రిటానిక్‌కు డేవిట్ల స్థానంలో డెక్కు అడ్డంగా చేయిచాచగల, విద్యుత్తుతో నడిచే పెద్ద క్రేన్ చట్రాలను అమర్చడం మొదలుపెట్టారు. అది ఆస్పత్రి నౌకగా పనిచేస్తూ 1916 నవంబరు 21న గ్రీసు సముద్రంలో మందుపాతర తగిలి 55 నిమిషాల్లో మునిగింది. చనిపోయిన 30 మందిలో ఎక్కువమంది, ఓడ ఇంకా ముందుకు కదులుతుండగానే అనుమతి లేకుండా దించిన పడవల్లో కూర్చుని, తిరుగుతున్న చోదక రెక్కల కిందికి లాగబడినవారు. ఎంత గొప్ప యంత్రమైనా దించవలసిన క్షణం ఓడ అధికారి చేతిలోనే ఉండాలన్నది ఇంత ఘోరంగా రుజువైన సందర్భం మరొకటి లేదు.

సరుకు ఓడల్లో 20వ శతాబ్దపు తొలి సగం డెరిక్‌దే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా కట్టిన 2,710 లిబర్టీ ఓడలన్నీ తమ డెరిక్కులతోనే సరుకు ఎత్తుకున్నాయి. 1948 మార్చి 14న విశాఖపట్నంలో జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించిన జల ఉష ఆ తరానికి చెందిన ఆవిరి ఓడే. తరువాత రెండు దశాబ్దాల్లో, స్తంభానికి ఆనుకుని ఉన్న డెరిక్ స్థానంలో తన పీఠం మీద తాను చుట్టూ తిరిగే డెక్కు క్రేన్ ఓడల మీదికి వచ్చింది. 1956లో కంటైనర్ రవాణా మొదలయ్యాక పెద్ద రేవులు ఒడ్డునే భారీ క్రేన్లను నిలిపాయి, పెద్ద కంటైనర్ ఓడలు తమ క్రేన్లను వదిలివేశాయి. లోతులేని తీరాలకు, చిన్న రేవులకు సరుకు మోసే ఓడలు మాత్రం వదలలేదు. కాకినాడ లంగరు రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా నిలబడి, బార్జీల్లో వచ్చిన బియ్యం బస్తాలను తమ క్రేన్లతోనే గర్భంలోకి ఎత్తుకుంటాయి. మచిలీపట్నం ముందు లంగరు వేసిన 17వ శతాబ్దపు ఓడకూ దీనికీ మధ్య యంత్రం మారింది గానీ పనిలోని వరుస మారలేదు. బార్జీ మీద కళాసీలు వలలో బస్తాలు పేర్చి కొక్కేనికి తగిలించడంతోనే ఇప్పటికీ అది మొదలవుతుంది.

విహార ఓడలు ఈ మార్పులన్నిటినీ ఆలస్యంగా, చిన్న కొలతలో అనుభవించాయి. 1876-77లో థామస్ బ్రాసీ కుటుంబం భూమి చుట్టి వచ్చిన సన్‌బీమ్ వంటి యాట్‌లకు ఆవిరి యంత్రంతో పాటు నిండైన స్తంభాలు ఉండేవి, పనిచేయడానికి చేతులూ ఉండేవి. 20వ శతాబ్దంలో డీజిల్ ఇంజనుతో నడిచే యాట్‌ను భార్యాభర్తలిద్దరే నడుపుకునే రోజులు వచ్చాయి. ఈ మార్పుకు ప్రేరణ ఇచ్చినవారిలో రాబర్ట్ బీబీ ముఖ్యుడు. ఆయన రూపొందించిన పాసేజ్‌మేకర్ 1963లో సింగపూర్‌లోని థార్నీక్రాఫ్ట్ యార్డులో తయారై మహాసముద్రాలు దాటింది. ఇలాంటి దూరయాన యాట్ రేవు గోడకు చేరేకన్నా లంగరు మీద నిలవడమే ఎక్కువ కనుక, ఒడ్డుకు చేర్చే చిన్న పడవ, నావికులు టెండర్ అని పిలిచేది, దానికి తప్పనిసరి. కొంతకాలం ఆ పడవ తేలికైన చెక్క డింగీ, ఇద్దరు మనుషులు చేతులతో లాగి పైకి వేసుకోగలిగేది. 1960ల్లో వేల్స్‌లోని అట్లాంటిక్ కళాశాలలో డెస్మండ్ హోర్, ఆయన విద్యార్థులు గట్టి అడుగుకు గాలి నింపిన గొట్టాలను జోడించి ఒక కొత్త పడవను తీర్చిదిద్దారు. అలజడిగా ఉన్న నీటిలోనూ వేగంగా, నిలకడగా పోయే ఈ పడవ మొదట ప్రాణరక్షణ దళాలకూ, తరువాత యాట్‌లకూ చేరింది. దానికి ఇంజను, ఇంధనపు తొట్టి, చుక్కాని చక్రం చేరేసరికి బరువు అనేక వందల కిలోలకు ఎగబాకింది. చేతులతో లాగే మాట ఇక ముగిసింది.

ఎత్తే చేయి రోడ్డు మీదనుంచి వచ్చింది. 1944లో స్వీడన్‌లో ఎరిక్ సుందిన్ అనే మంచుబల్లల తయారీదారు స్థాపించిన హియాబ్ సంస్థ, లారీ మీదే బిగించి లారీ ఇంజను బలంతోనే నడిచే హైడ్రాలిక్ క్రేన్‌ను ఆ దశాబ్దంలోనే తయారు చేసింది. తానే ఎత్తుకుని తానే మోసుకుపోయే ఆ వాహనపు ఆలోచన, నిజానికి తెరచాప ఓడ వేల ఏళ్లుగా ఆచరించినదే. ముడుచుకుని చిన్న చోటులో ఒదిగి, అవసరమైనప్పుడు చాచుకునే ఈ రకం చేయి, ఉప్పునీటికి తట్టుకునే లోహాలతోనూ బ్యాటరీతో తిరిగే పంపుతోనూ యాట్ డెక్కు మీదికి చేరింది.

ముందు డెక్కు మీదనే దీన్ని నిలపడానికి ఓడ అమరికే కారణం. వెనుక భాగం మనుషులు ఎక్కిదిగే చోటు. పై డెక్కు మీద పడవను ఉంచితే బరువు ఎత్తున చేరి ఓడ ఎక్కువగా ఊగుతుంది. ముందు డెక్కు కిందుగా ఉంటుంది, ఖాళీగానూ ఉంటుంది. అయితే ఎదురు సముద్రంలో అలలు విరుచుకుపడేది అక్కడే. లంగరు యంత్రం పనిచేసేదీ అక్కడే. పడవ ఎత్తు పెరిగితే చుక్కాని గదినుంచి దారి కనబడకుండా పోయేదీ అక్కడే. వీటన్నిటికంటే తీవ్రమైన ప్రశ్న వేలాడే బరువు గురించినది. డెక్కు మీద కట్టి ఉన్న పడవ బరువు డెక్కు మీదనే ఉంటుంది. క్రేన్ దాన్ని ఒక్క అంగుళం లేపిన మరుక్షణం ఆ బరువు ఓడ నిలకడ దృష్టిలో క్రేన్ చేయి కొసకు ఎక్కిపోయినట్టే, తాడు ఎంత పొడవున్నా సరే. 30 టన్నుల యాట్ మీద 500 కిలోల పడవను, డెక్కు కంటే 4 మీటర్ల ఎత్తున్న కొస నుంచి వేలాడదీస్తే మొత్తం ఓడ గరిమనాభి సుమారు 7 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. అదే పడవను మధ్యరేఖ నుంచి 3 మీటర్లు పక్కకు చాపితే ఓడ ఆ వైపుకు ఒరుగుతుంది; ఒరిగిన ఓడను నిటారుకు తెచ్చే గుణానికి కొలతగా వాడే మెటాసెంట్రిక్ ఎత్తు 1 మీటరు అనుకుంటే ఆ ఒరుగు దాదాపు 3 డిగ్రీలు. ప్రశాంతమైన నీటిలో ఇది పెద్ద లెక్క కాదు. ఓడ ఊగుతున్నప్పుడు మాత్రం వేలాడే పడవ ఆ ఊపును పెంచుకుంటూ పోతుంది. అందుకే పడవ ముందుకీ వెనుకకీ ఒక్కొక్క పట్టుతాడు కట్టి, క్రేన్ తిరిగినంత సేపూ ఒకరు దాన్ని అదుపులో ఉంచడం పాత ఓడలనుంచి వచ్చిన ఆచారంగా నేటికీ నిలిచింది.

క్రేన్ కాలి కింద జరిగేది ఇంకా కఠినమైన విషయం. 500 కిలోలను 3 మీటర్ల దూరాన పట్టుకున్న క్రేన్ తన పాదం దగ్గర 1,500 కిలోగ్రామ్-మీటర్ల తిప్పుడు బలాన్ని డెక్కుకు అప్పగిస్తుంది. దాని పాదాన్ని 30 సెంటీమీటర్ల ఎడంగా ఉన్న బోల్టులతో డెక్కుకు మాత్రమే బిగిస్తే, ఒకవైపు బోల్టులు 5,000 కిలోల బలంతో పైకి లాగబడతాయి, రెండోవైపు డెక్కు అంతే బలంతో నలుగుతుంది. నేటి యాట్ డెక్కు ఎక్కువగా ఫైబర్‌గ్లాస్ పొరల నడుమ తేలికైన బాల్సా కట్టెనో నురుగు పలకనో పెట్టి చేసినది కనుక, ఆ నలుగుడుకు లోపలి భాగం పిండి అయిపోతుంది, బోల్టు చుట్టూ నీరు చేరి కుళ్లుతుంది. క్రేన్ కాలిని డెక్కులో రంధ్రం చేసి కిందికి దింపి, 2 మీటర్ల దిగువన ఓడ అడుగు భాగంలోని గట్టి ఆధారంలో నిలిపితే మాత్రం, డెక్కు దగ్గర ఒకటి, కింద ఒకటి అడ్డబలాలు ఏర్పడతాయి. ఒక్కొక్కటి 750 కిలోలే. బరువు నిలువుగా అడుగుకు దిగిపోతుంది. చెక్క ఓడల వడ్రంగులు తెరచాప స్తంభాన్ని డెక్కు రంధ్రం గుండా దింపి, వెన్నుదూలం మీది గూటిలో నిలిపింది అచ్చంగా ఇందుకే. ఓడ ఆకృతిని గీసేవారు క్రేన్ కోసం కొత్తగా చేసిన లెక్క, పాత వడ్రంగి చేతివాటంగా చేసిన పనినే తిరిగి సమర్థిస్తోంది.

ఈ పని సవ్యంగా జరిగిందో లేదో తేల్చడానికి కూడా రేవుల నుంచి వచ్చిన కట్టుబాటు ఉంది. రేవు పనిలో భద్రతకు సంబంధించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో ఆమోదించిన 152వ ఒప్పందం ప్రకారం, వర్తక ఓడ మీది ఎత్తే యంత్రాన్ని వాడుకలోకి తేకముందు దాని అనుమతించిన బరువు కంటే ఎక్కువ బరువుతో పరీక్షించాలి. కనీసం ఐదేళ్లకొకసారి మళ్లీ ఆ పరీక్ష, ఏడాదికొకసారి క్షుణ్ణమైన తనిఖీ జరగాలి. 20 టన్నుల లోపు యంత్రానికి ఆ అదనపు బరువు నాలుగో వంతుగా తీసుకోవడం నౌకా రంగపు పద్ధతి. సొంత యాట్‌కు ఈ ఒప్పందం నేరుగా వర్తించకపోయినా, బాధ్యత తెలిసిన యార్డులు ఆ కొలతనే పాటిస్తాయి. 500 కిలోల క్రేన్ కొక్కేనికి నీరు నింపిన సంచిని తగిలించి, నీటిని పెంచుతూ 625 కిలోలకు తెస్తారు. చేయిని పూర్తిగా చాచి ఓడకు ఒక పక్క నుంచి మరో పక్కకు నెమ్మదిగా తిప్పుతూ ఓడ ఎంత ఒరిగిందో కొలుస్తారు. ఒకరు డెక్కు కిందికి దిగి, కాలు నిలిచిన గూటి చుట్టూ పూతలో సన్నని పగుళ్లేవైనా విచ్చుకున్నాయేమో దీపం పెట్టి చూసి వచ్చాకే ఆ నీటిని వదిలివేస్తారు.